తునికాకులో తిరిగొచ్చిన పుస్తకాలు

ఈ పనిలోకి కొత్తగా వచ్చే ఆడపిల్లలు నా దగ్గర కూర్చున్నప్పుడు, ఏ ఊళ్లో ఎక్కువ పుస్తకాలు ఇచ్చారమ్మా అని అడుగుతారు. నాకు ఆ లెక్క గుర్తుండదు. ఇచ్చినవి దేవుడికి గుర్తుంటాయి, నాకెందుకు? కానీ ఇచ్చిన పుస్తకాన్ని నేనే వెళ్లి వెనక్కి తెచ్చుకున్న రోజు ఒకటుంది. నన్ను ఈ పనిలో ఎందుకు పెట్టాడో ఆయన నాకు చూపించిన రోజు అదేనని నా నమ్మకం. మీరు అడిగిన దానికి జవాబు కాదు, అయినా అదే చెప్తాను.

నా కొలువును చర్చి సంఘం కాగితాల్లో బైబిల్ స్త్రీ అని రాసేవారు. ఊళ్లల్లో మాత్రం పుస్తకాలమ్మ అనేవారు. నేను బడికి పోయినదాన్ని కాదు. నిజామాబాద్‌లో మా అమ్మ బీడీలు చేసేది. ఒడిలో చాట, చాటలో తునికాకు, మోకాలి పక్కన తెరిచిన బైబిలు. ఆకు మీద కొలత రేకు పెట్టి కత్తిరిస్తూ, మధ్యలో కత్తెర కొసతో ఒక్కో అక్షరం చూపించేది. నా చదువంతా ఆ కత్తెర కొస మీద నేర్చుకున్నదే. ఇప్పటికీ కీర్తనలు తెరిస్తే నాకు తంబాకు వాసన వస్తుంది. ఆ చదువుకే జీతమిచ్చి, ఇన్నేళ్లు అన్నం పెట్టిన దేవుడికి స్తోత్రం.

మా పని తీరు చాలా మామూలుది. ఇద్దరిద్దరు ఆడవాళ్లం వెళ్లాలి. ఊరి మొదట నిలబడి ఒక పాట పాడాలి. ఇంటింటికీ ఒక కొత్త నిబంధన పుస్తకం ఇవ్వాలి. వద్దన్నవాళ్లకు నమస్కారం పెట్టి కదలాలి. నా జోడీ, మేమంతా పెద్దక్క అని పిలిచే ఆమె. ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరై ఈ పనిలోకి వచ్చింది. గొంతు పెద్దది, గొడుగు ఇంకా పెద్దది. తాళం వేసిన ఇంటిని కూడా దాటేది కాదు. "దేవుడు దాటిపోడు, మనమెందుకు దాటాలె?" అనేది. తలుపు పక్కన దీపం పెట్టుకునే గూడు ఉంటుంది కదా, అందులో పుస్తకం పెట్టి, చెయ్యి ఆనించి చిన్న ప్రార్థన చేసి వచ్చేది. పద్ధతి బాగుందని మిగతా జోడీలు కూడా పట్టుకున్నాయి. మా పాస్టరు అయ్యగారు మీటింగుల్లో మెచ్చుకునేవారు.

ఆ ఏడాది పై నుంచి వచ్చిన పుస్తకాలు చిన్నవి, జేబులో పట్టేవి. ఎర్ర అట్ట. పెట్టె విప్పిన రోజు మేమంతా మురిసిపోయాం. రక్షణ రంగు అని అయ్యగారు ఆ వారం ప్రసంగమే దాని మీద చెప్పారు.

మీరు పుట్టకముందు సంగతి కాబట్టి రెండు మాటలు చెప్పాలి. మా వైపు ఊళ్లకు ఒక కాలంలో అడవి నుంచి అన్నలు వచ్చేవారు. వాళ్ల వెనక పోలీసులు వచ్చేవారు. అన్నం పెట్టావని ఒకరు, ఆచూకీ చెప్పావని ఇంకొకరు. ఆ కాలం ముగిసి ఏళ్లయింది. ఆ తర్వాత బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడింది. చెరకు నమ్ముకున్న ఊళ్లలో మగవాళ్లు గల్ఫ్‌కో, పట్నానికో పోయారు. ఆడవాళ్లు బీడీలు చేసుకుంటూ ఉండిపోయారు. ఇలాంటి ఊళ్లకు ముందు వెళ్లాలని సంఘంలో అనుకున్నాం. మంచి ఉద్దేశమే. మంచి ఉద్దేశంతో వెళ్లాం కాబట్టి ముందు ఎవరినీ ఏమీ అడగలేదు.

ఆ ఊరు బోధన్‌కూ వర్నికీ మధ్య, కాలువ వంతెన దగ్గర దిగి కట్ట మీద నడిచిపోవాల్సింది. పేరు చెప్పను. మమ్మల్ని తిప్పే ఆటో భాయి ఎప్పుడూ ఊరి నడిమధ్య దాకా తెచ్చి దింపేవాడు. ఆ రోజు వంతెన దగ్గరే ఇంజను ఆపేశాడు.

"గీ ఊర్లె కుక్కలు లెవ్వమ్మా. నేను రాను. గీడనే ఉంట."

"లేకపోతే మంచిదే కదయ్యా. కరవవు," అంది పెద్దక్క.

"కర్వకపోతె మంచిదే. మొరగకపోతెనే పరేషాన్," అన్నాడు. నవ్వలేదు.

కట్ట దిగి ఊళ్లోకి వెళ్లాక నాకు అతని మాట అర్థమైంది. కొత్తవాళ్లు వస్తే ఏ ఊరైనా ఏదో ఒక చప్పుడు చేస్తుంది. ఆ ఊరు చేయలేదు. నిజంగానే ఒక్క కుక్క లేదు. పెద్దక్క పాట ఎత్తుకుంది, నేను అందుకున్నాను. మా గొంతులు గోడలకు తగిలి మళ్లీ మాకే వచ్చాయి. మేము తట్టకముందే తలుపులు తెరుచుకున్నాయి. తెరిచినవాళ్లు మా ముఖాలు చూడలేదు. మా చేతులు చూశారు. రెండు చేతులా పుస్తకం అందుకున్నారు. "మంచిది. మేము సూస్కుంటం," అన్నారు. పక్క ఇంట్లోనూ అదే మాట. ఆ పక్క ఇంట్లోనూ అదే. ఇది ఏం పుస్తకమని ఒక్కరు అడగలేదు. వద్దని ఒక్కరు అనలేదు. నా ఉద్యోగంలో ఒక్కరు కూడా వద్దనని ఊరు అదొక్కటే.

ఒక వాకిట్లో ఉండగా ఇంకోటి జరిగింది. బీడీలు చేస్తున్న ఆడవాళ్లంతా ఒక్కసారిగా చేతులు ఆపి బోధన్ వైపు తలలు తిప్పారు. ఏ చప్పుడూ లేదు. మళ్లీ తలలు దించి చేతులు కదిపారు. ఫ్యాక్టరీ సైరన్ మోగే వేళ అట అది. గాలి ఇటు ఉంటే ఇక్కడిదాకా వినపడేదట. సైరన్ ఆగిపోయినా మెడలు తిరగడం ఆగలేదు.

ఊరి పెద్దాయన ఒకాయన, ఒకప్పుడు చెరకు బండ్లు తోలినవాడు, మమ్మల్ని కూర్చోబెట్టి చాయ్ ఇప్పించాడు. పళ్లెంలో మూడు గ్లాసులు. ఆటో భాయికి కాబోలు అనుకున్నాం. కానీ అతను వంతెన దగ్గరే ఆగిన సంగతి వీళ్లకు తెలిసే వీలు లేదు. "అంత దూరం మోసుకుపోతే చల్లారిపోతుంది," అని పెద్దక్క మూడో గ్లాసు కూడా తనే తాగేసింది. పెద్దాయన ఆమె చేతిలోని గ్లాసు వైపు చూసి, ఆమె వెనక సందు మొగ వైపు చూశాడు.

చివరింటికి తాళం ఉంది. ఆ ఇంటామె బీడీలు కార్ఖానాకు ఇవ్వడానికి పోయిందన్నారు. పెద్దక్క అలవాటు ప్రకారం గూట్లో పుస్తకం పెట్టింది. మట్టి గోడలో నల్లటి గూడు, అందులో ఎర్ర అట్ట. నేనూ చెయ్యి ఆనించాను. వెనక్కి తిరిగేసరికి ఊరంతా వాకిళ్లలో నిలబడి మమ్మల్ని చూస్తోంది. మేము దాటగానే తలుపులు మూసుకున్నాయి.

"ఎంత మర్యాదైన ఊరు!" అంది పెద్దక్క ఆటోలో. నాకు మాత్రం చేతుల మీది వెంట్రుకలు ఇంకా దిగలేదు.

తర్వాతి వారంలో ఒక పొద్దున బోధన్‌లో మా చర్చి గేటు తీయడానికి వెళ్తే ప్రహరీ గోడ మీద వరసగా ఏవో పొట్లాలు. తడి తునికాకులో చుట్టి, బీడీకి కట్టే దారంతో కట్టి, కొసలు లోపలికి మడిచి ఉన్నాయి. పెద్ద పెద్ద బీడీలు ఆరబెట్టినట్టు. ఎవరూ కనపడలేదు. ఆకు ఇంకా తడిగానే ఉంది. ఒకటి విప్పాను. లోపల ఎర్ర అట్ట. మరక లేదు, చిరుగు లేదు. మేము ఇచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. పిల్లలూ, పుస్తకాలు చింపేసిన ఊళ్లు నేను చూశాను, కాలువలో వేసిన ఊళ్లు చూశాను. అవి నన్ను అంత భయపెట్టలేదు. ఇంత జాగ్రత్తగా, ఇంత మర్యాదగా తిరిగి రావడమే భయపెట్టింది.

అయ్యగారు వచ్చి చూశారు. ఎవరో ఆ ఊరిని బెదిరించి ఉంటారని, పోలీసులకు చెప్పడమే మంచిదని ఫోన్ బయటికి తీశారు. అప్పుడు ఎదురుగా చాయ్ హోటల్ రేకుల కింద కూర్చున్న మనిషి ఒకాయన లేచి రోడ్డు దాటి వచ్చాడు. చెరకు బండ్ల పెద్దాయన. మేము విప్పి చూసేదాకా ఆగాడన్నమాట.

"గాళ్లను పిలువకుండ్రి అయ్యా. మీ కాల్మొక్త," అన్నాడు. గొంతు పెంచలేదు. "బుక్కులు మంచిగున్నయ్. ఒక్కటి చింపలే. ఒక్కటి మాత్రం లోపల్నే ఉన్నది. అది గూడ మీరే వచ్చి తీస్కపోండ్రి."

లోపల కూర్చోబెట్టి నీళ్లిచ్చాక విషయం మెల్లగా చెప్పాడు. ఆ రోజుల్లో ఎవరైనా పుస్తకం ఇస్తే వద్దనే ధైర్యం లేదు. ఇంట్లో పుస్తకం దొరికితే ఇది మాది కాదని నమ్మించే దారి లేదు. అందుకని ఊరు ఒక పద్ధతి నేర్చుకుంది. ఇచ్చింది తీసుకోవాలి, ముఖం చూడకూడదు, ఏమీ అడగకూడదు, పొద్దు గుంకకముందే ఇల్లు దాటించాలి. కుక్క మొరిగితే వచ్చినవాళ్ల జాడ తెలుస్తుందని కుక్కలనూ పెంచకూడదు. చిన్న పుస్తకమైతే తునికాకులో చుట్టి బీడీల మధ్య పెడితే ఎవరూ కనిపెట్టరు. మా పుస్తకాలూ అలాగే ఆ సాయంత్రానికే ఇళ్లు దాటి, తడి ఆకులో చుట్టుకుని ఇప్పుడు మా గోడ మీదికి వచ్చాయి.

ఇక చివరింటామె సంగతి. వెనకట ఆమె మొగుడు చెరకు కొట్టే పనికి పోయేవాడు. ఇద్దరికీ చదువు రాదు. ఒక పగటిపూట ఎవరో వాళ్ల గూట్లో చిన్న ఎర్ర పుస్తకం పెట్టిపోయారు. ఎవరిదో, అడిగినప్పుడు ఇద్దామని అక్కడే ఉంచారు. తర్వాత వచ్చినవాళ్లు దాన్ని చూశారు. తలుపు పగలగొట్టారు. ఆమెను గడప దగ్గర నిలబెట్టి అడిగారు, అతన్ని అడగడానికి చెరకు తోట నుంచే తీసుకుపోయారు. అతను తిరిగి రాలేదు.

"తీస్కపోయింది ఎవరు బాపూ?" అంది పెద్దక్క.

"వచ్చినోళ్లు."

"అదే, అన్నలా, పోలీసులా?"

"వచ్చినోళ్లు, బిడ్డా," అన్నాడు మళ్లీ. నీళ్ల గ్లాసు కింద పెట్టి, "మీరు గూడ మాకు వచ్చినోళ్లే గద," అన్నాడు.

మొన్న కార్ఖానా నుంచి తిరిగొచ్చి ఆమె గూట్లో ఎర్ర పుస్తకం చూసింది. అదే గూడు, అదే రంగు. దాన్ని తీసుకుని లోపలికి పోయి గడియ పెట్టుకుంది. అన్నం ముట్టడం లేదు. కిటికీలోంచి చెంబు అందిస్తే నీళ్లు తాగుతోంది, అంతే. పుస్తకం ఊరివాళ్లు తీసుకుపోతామంటే ఇవ్వడం లేదు. పెట్టినవాళ్లే తీయాలంటోంది. తలుపు పగలగొట్టడానికి ఊళ్లో ఎవరికీ చేతులు రావడం లేదు, ఆనాడు పగిలిన తలుపు కాబట్టి.

"మనిషి ఎండిపోతున్నది," అన్నాడు. "ఇంక జర్రంత ఆగితె బుక్కుతోనే పోతది."

పెద్దక్క తన గొడుగు చూసుకుంటూ ఉండిపోయింది. అయ్యగారు ఫోన్ జేబులో పెట్టుకున్నారు. తాను మగవాణ్ణి, తెల్లచొక్కావాణ్ణి, వస్తే చేటే అవుతుందని ఆయనకే తోచింది. ఆ తెలివికి ఆయనకు నేను ఇప్పటికీ కృతజ్ఞురాలిని.

మేము చేరేసరికి మిట్టమధ్యాహ్నం. ఆటో భాయి మళ్లీ వంతెన దగ్గరే ఆగాడు. కట్ట మీద ఎండ తెల్లగా ఉంది. మా నీడలు మా కాళ్ల కిందికే దూరాయి. ఊళ్లో తలుపులన్నీ బెత్తెడు తెరిచి ఉన్నాయి, ప్రతి సందులో ఒక కన్ను. పెద్దాయన ముందు నడిచి చివరింటి ఎదుట ఆగిపోయాడు.

లోపల ఆమె మాట్లాడుతోంది. ఎవరితోనో అనుకున్నాను. ఎవరూ లేరు.

"లేడు," అంది. ఆగింది. ఎదుటివాళ్లు ఏదో అడిగేంత సేపు ఆగింది. "పొద్దుగాలనే పోయిండు, చెరుకు కొట్టనీకి." మళ్లీ ఆగింది. "నాకు తెల్వది. సదువు రాదు నాకు." ఈసారి చాలాసేపు. తర్వాత, ఎవరో గదమాయించినట్టు, గబగబా, "ఎవలు పెట్టిండ్రో సూడలే, సారు." ఇంకాసేపటికి, "సూడలే, అన్నా." ఒకసారి సారు అంటోంది, ఒకసారి అన్నా అంటోంది. జవాబులు మాకు వినపడుతున్నాయి, ప్రశ్నలు వినపడటం లేదు. ఆ నిశ్శబ్దాల్లో మాత్రం ప్రశ్నలు అక్కడే నిలబడి ఉన్నట్టు అనిపించింది. మేము వాటి వెనక వరసలో నిలబడ్డట్టు కూడా అనిపించింది.

పెద్దక్క ముందుకు వెళ్లి, తనకు చేతనైనంత మెత్తగా, మేము చర్చి నుంచి వచ్చామని, మా పుస్తకం మాకిస్తే వెళ్లిపోతామని చెప్పింది. లోపల గొంతు ఆగింది. "బుక్కు మాది గాదు," అంది తర్వాత. పెద్దక్క తలుపు మీద వేలితో తట్టింది. లోపల ఏదో పాత్ర కింద పడింది, ఇక ఊపిరి చప్పుడు కూడా లేదు. పెద్దాయన పెద్దక్క చెయ్యి పట్టుకుని దించాడు. నేను ప్రార్థన చేద్దామని నోరు తెరిచాను. బయటి నుంచి ఏ మాట వెళ్లినా లోపలికి ప్రశ్నగానే వెళ్తుందని అప్పుడు తెలిసింది. నోరు మూసుకున్నాను. ప్రభువా, మాట కానిది ఏదైనా ఇవ్వు అనుకున్నాను. అంతకన్నా పెద్ద ప్రార్థన ఆ రోజు నాకు రాలేదు.

అరుగు మీద ఆమె చాట ఉంది. ఆ రోజు కార్ఖానాకు పోతూ ఎక్కడ వదిలిందో అక్కడే. ఆకు ఎండి ముడుచుకుపోయింది, తంబాకు గాలికి లేచిపోయింది. కత్తెర, రేకు అలాగే ఉన్నాయి. నేను వెళ్లి కూర్చుని చాట ఒళ్లో పెట్టుకున్నాను. పక్కింటామెకు సైగ చేస్తే తడిగుడ్డలో చుట్టిన ఆకు తెచ్చి ఇచ్చింది. రేకు పెట్టి కత్తిరించడం మొదలుపెట్టాను. అమ్మ పోయాక నేను కత్తెర పట్టిందే లేదు. వేళ్లు తడబడ్డాయి, తర్వాత వాటికవే గుర్తు తెచ్చుకున్నాయి. కర్ర్, కర్ర్ మని ఆ చప్పుడు మీరు వినే ఉంటారు. మా జిల్లాలో ఏ వాడలో నిద్ర లేచినా అదే చప్పుడు. అన్నలు చేసిన చప్పుడు కాదు అది, పోలీసులు చేసింది కాదు. వచ్చినవాళ్లు ఎవరూ ఆ గడప ముందు కూర్చుని బీడీ ఆకు కత్తిరించి ఉండరు.

ఎంతసేపు కత్తిరించానో తెలియదు. పెద్దక్క నా పక్కన గొడుగు పట్టుకుని నిలబడింది, నోరు విప్పలేదు. అదే ఒక అద్భుతం.

"ఈనె దిక్కు కత్తెర వెట్టకు." తలుపు వెనక నుంచి. ఇంతకు ముందు విన్న గొంతు కాదు ఇది. విసుగ్గా ఉన్న ఒక పనిమంతురాలి గొంతు.

"ఎటు వెట్టాలె మరి?" అన్నాను.

"రేకు అడ్డం తిప్పు. గట్ల కోస్తె సగం ఆకు ఖరాబైతది. ఎవలు నేర్పిండ్రు నీకు?"

"మా అమ్మ."

"మీ అమ్మ ఇచ్చిన బీడీలన్ని కార్ఖాన కెళ్లి వాపస్ వచ్చినయా?"

పక్కింటి వాకిట్లో ఎవరో ముక్కుతో నవ్వారు.

"కొన్ని వచ్చినయ్ అక్కా," అన్నాను. "మా బుక్కులు గూడ వాపస్ వచ్చినయ్. ఒక్కటే రాలే."

నేను కత్తెర ఆపలేదు. గడియ తీసిన చప్పుడైంది. తలుపు మూరెడు తెరుచుకుంది. ఆమె ముఖం కన్నా ముందు పట్టకారు బయటికొచ్చింది, పొయ్యి మీది గిన్నె దించే పట్టకారు. దాని కొసన మా పుస్తకం. ఇన్ని రోజులూ చేత్తో తాకలేదు కాబోలు.

"పెట్టింది మీరేనా?"

"మేమే. తెల్వక వెట్టినం. తీస్కపోతం."

అందుకున్నాను. ఆమె చూస్తుండగానే తడి ఆకులో చుట్టాను, దారం కట్టాను, కొసలు మడిచాను. ఎర్ర రంగు కనపడకుండా పోయాక ఆమె భుజాలు కొంచెం దిగాయి. కానీ గడప దాటలేదు. చీకట్లోనే గోడకు ఆనుకుని నిలబడింది. బుగ్గలు లోపలికి పోయి, కళ్లు మాత్రం మిగిలాయి. పుస్తకం వచ్చింది గానీ మనిషి రాలేదు. రెండు అడుగుల అవతల నిలబడి, ఎక్కడో ఉంది.

పక్కింటామె చాయ్ తెచ్చింది. మళ్లీ మూడు గ్లాసులు. పెద్దక్క గాభరాలో ఉండి, ఒకటి నాకిచ్చి, ఒకటి తను తీసుకుని, మూడోదాన్ని పక్కకు జరపబోయింది. పెద్దాయన పళ్లెం మీద చెయ్యి పెట్టాడు.

"అది మీది గాదు బిడ్డా. మొన్న గూడ నువ్వే తాగినవ్."

అప్పుడు చెప్పాడు. ఆ రోజుల్లో వచ్చినవాళ్లు ఎంతమంది కనపడినా, కనపడకుండా ఒకడు ఉండేవాడట. సందు మొగలోనో, చెట్టు వెనకో కావలి నిలబడేవాడు. అతనికి ఇవ్వకపోతే కోపం. అతను ఎక్కడున్నాడని అడిగితే అంతకన్నా కోపం. అందుకని లెక్క చూసి ఒకటి ఎక్కువ పోయడం ఆ ఊరికి అలవాటైంది. ఇప్పుడు పెళ్లి మాటలకు చుట్టాలొచ్చినా ఒక గ్లాసు ఎక్కువే పోస్తారట. ఎవరూ తాగరు, చల్లారాక పారబోస్తారు. మొన్న ఒక్కసారే దాన్ని ఒక మనిషి తాగింది.

పెద్దక్క తన గ్లాసు కింద పెట్టి, "మా వెంట ఎవరూ లేరు బాపూ. మేమిద్దరమే," అంది.

"ఉన్నడు గద," అంది తలుపు లోపలి నుంచి ఆమె.

మా భుజాల మీదుగా చూస్తోంది, సందు మొగ వైపు. ఎండలో అక్కడ కూలిన మట్టిగోడ, దాని మీద ఒక పిడకల వరస. అంతే. పెద్దాయన కూడా చూశాడు. చూసి తల దించుకున్నాడు.

అక్కడ ఎవరూ లేరని చెప్పొచ్చు. చెప్పడమే ధర్మమేమో కూడా. కానీ పిల్లలూ, మీరు వెళ్లే చోట ఒంటరిగా వెళ్లడం లేదని, మీతో ఒకరున్నారని నేనే మీకు ప్రతిసారీ చెప్పి పంపుతాను. ఆ మాట నేను ఆరాధనలో అన్నప్పుడు నిజమై, ఆ గడపలో ఆమె అన్నప్పుడు అబద్ధం ఎలా అవుతుంది? నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

"ఎప్పటి సంది ఉన్నడక్కా?" అన్నాను.

"మీరొచ్చినప్పటి సంది నిలవడ్డడు."

"ఏమన్న అడుగుతుండా?"

ఆమె చాలాసేపు చూసింది. ఆ సందులో ఒక ఈగ కూడా లేదు.

"లే," అంది. "ఏమడుగుతలేడు."

ఆ మాట ఆమె నోట ఆమెకే కొత్తగా వినపడినట్టుంది. మళ్లీ అంది. "ఏమడుగుతలేడు." తర్వాత తలుపు పూర్తిగా తీసింది. వంగి, పళ్లెంలోంచి మూడో గ్లాసు తీసుకుని, గడప దాటి, ఎండలోకి వచ్చింది. కాళ్లు తడబడుతున్నాయి, ఎవరూ పట్టుకోవడానికి పోలేదు. సందు మొగ దాకా నడిచి, కూలిన గోడ మీద గ్లాసు పెట్టి, కొంగు సర్దుకుని, ఒక మనిషి ముందు నిలబడ్డట్టే కాసేపు నిలబడింది. తిరిగొచ్చి అరుగు మీద నా పక్కన కూర్చుంది. నా చేతిలోంచి కత్తెర లాక్కుంది.

"ఇయ్యి. ఆకంత ఆగం జేస్తున్నవ్."

పక్కింటామె పరుగున వెళ్లి అన్నం కలిపి తెచ్చింది. ఆమె ఎడమ చేత్తో చాట పట్టుకునే తిన్నది.

ఆ తర్వాత మా సంఘం ఎర్ర అట్టలు మానేసింది. తాళం వేసిన ఇళ్లలో పుస్తకాలు పెట్టడం మానేశాం. పెద్దక్కే మీటింగులో లేచి ఆ పద్ధతి వద్దని చెప్పింది, అంత పెద్ద గొంతూ చిన్నది చేసుకుని. ముందు కూర్చోండి, వాళ్ల పని చేతిలోకి తీసుకోండి, పుస్తకం అడిగితేనే ఇవ్వండి అని మీకు నేను చెప్పే మాట అక్కడ నేర్చుకున్నదే. చివరింటామె ఎన్నడూ పుస్తకం అడగలేదు. నేనూ ఇవ్వలేదు. ఆమె దేవుళ్లు ఆమెకున్నారు. నేను వెళ్లినప్పుడల్లా ఇద్దరం ఆకు కత్తిరించేవాళ్లం. నా ఆకు చూసి తిట్టేది. మూడో గ్లాసు ఎప్పుడూ ఉండేది, దాన్ని ఆమే తీసుకుపోయి గోడ మీద పెట్టి వచ్చేది. నేను రిటైరయ్యే ముందు వెళ్లినప్పుడు ఆమె వాకిట్లో ఒక కుక్కపిల్ల ఉంది. మమ్మల్ని చూసి మొరిగింది. ఆ ఊళ్లో ఆ చప్పుడుకు వాకిళ్లలోకి వచ్చి చూసినవాళ్ల ముఖాలు నేను మరచిపోను.

ఒక్క సంగతి మాత్రం ఆ నెల రిపోర్టులో రాయలేదు, అయ్యగారికీ చెప్పలేదు. ఆ మధ్యాహ్నం తిరిగి వస్తూ ఆ సందు మొగ దాటాలి. దారి ఇరుకు. గోడ మీద గ్లాసు అలాగే ఉంది, చాయ్ మీద మీగడ కట్టింది. ముందు పెద్దక్క, వెనక నేను. ఇద్దరం మాట్లాడకుండా దాటి, కట్ట ఎక్కి, వంతెన కనపడేదాకా వచ్చాం. అప్పుడు పెద్దక్క ఆగింది.

"నువ్వు చూసినవా?"

"లేదక్కా. ఎవరూ లేరు కదా."

"నేనూ చూడలే," అంది. కొంతదూరం నడిచి మళ్లీ అంది. "మరి అక్కడ కొంగు దగ్గరకు తీసుకుని పక్కకు ఎందుకు ఒదిగినం?"

గోడ మొదట్లో, గ్లాసు పక్కన, ఒక మనిషి నిలబడేంత చోటు వదిలిపెట్టి మేమిద్దరం నడిచిన మాట నిజమే.